అమ్మ కళ్లు తెరిచిన ఫొటో

ఈరోజు ఆదివారం. తన ఆఫీసులో స్నేహితులంతా రీలు కెమెరాలు పట్టుకు తిరుగుతున్నారని, మా మనవరాలు పొద్దున మా నాన్న కెమెరాను అటక మీంచి దించి మూత తెరవబోయింది. అందుకే రాస్తున్నాను.

"ఆగు! లోపల రీలుంది. వెలుగు తగిలితే ఫొటోలన్నీ పోతయి."

"జర చూస్తా అమ్మమ్మా, ఒక్కసారి!"

"చూడనీకి అదేమన్న నీ ఫోనా?"

కెమెరా తోలు సంచి వాసనకు కిటికీ బయటి అద్దాల మేడలు కరిగిపోయి, బాలానగర్‌లోని మా వాకిలి కనిపించింది. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రీలు మొత్తం అయితేగానీ కడగడానికి ఇచ్చేవారు కాదు. ఉగాది ఫొటో దసరాకు చేతికొచ్చేది. ప్రతి ఫొటోలోనూ అమ్మ కళ్లు మూసుకునే ఉండేది. చివరిసారి మల్లెపందిరి కింద తీసి, "ఈసారి కళ్లు తెరిచినవ్! రీలు అయిపోనీ, నువ్వే చూస్తవ్," అన్నాడు నాన్న. ఆ ఎండాకాలమే ఆయన పోయాడు. అమ్మ కెమెరాను రీలుతో సహా దాచేసింది. తర్వాత ఎన్నడూ ఫొటోకు నిలబడలేదు.

ఇక జరగవలసినవి:

1. మూత ఎవరూ తెరవకూడదు.
2. మిగిలిన ఫొటోలు మనవరాలే తీసి రీలు పూర్తి చేయాలి.
3. కడిగాక ఏమీ రాకపోతే నన్నెవరూ ఓదార్చకూడదు. ఆ కళ్లను నాన్న చూశాడు.