యోబు తుడిచిన తడిగీత

గోదావరిఖనిల మా కాలనీ నీళ్లటాంకిల దయ్యమున్నదంటరు. నా ముంగట అనరు, అంటే తిడత. నేను దస్తగిర్‌ను, కింద పంపు నడిపేటోణ్ణి. నీళ్లెక్కంగ టాంకి మూలుగుతది. పైపుల గాలేనని నాకు తెలుసు. తెలిసి గూడ దువా చదువుకుంట.

ఎనిమిది కాంక్రీటు కంబాలు, వాటి మీద పెద్ద గిన్నె, దాని మీద బోర్లించిన మూత. గిన్నె చుట్టూ నడుమెత్తుల సన్నటి తడిగీత ఉండేది. టాంకి చూసే యోబు రోజూ పొద్దున ఎక్కి, పాత తువ్వాలతోని ఆ గీతను తుడిచేటోడు. సాయంత్రానికి మళ్ల తడి.

"ఏంది యోబూ, టాంకికి చెమట తుడుస్తున్నవా?" అని ఎక్కిరించేటోణ్ణి. నవ్వకపోయేటోడు.

గిన్నెకు కాంక్రీటు మాలు పోసుడు మొదలువెడితే నడుమ ఆపొద్దు. ఆపితే పాత మాలు గట్టివడతది, కొత్తది అతకదు, ఆ సందుల నీళ్లూరుతయి. ఎనభై ఒకటిల పోసిననాడు కూలోళ్లు నిచ్చెనల మీద వరుసగ నిలవడి తట్టలు అందిచ్చిన్రు. పైన యోబు, కింది మెట్టు మీద సారవ్వ, ఆమె కింద ఆమె తల్లి లస్మవ్వ. మిట్టమధ్యాహ్నం సారవ్వ పడిపోయింది. దవాఖానకు పోకముందే పానం పోయింది. పని రెండు గంటలు ఆగింది. గా గీత గప్పటిదే.

తొంభై రెండుల టాంకి ఖాళీ చేసి గీత మూయాలని ఆర్డరొచ్చింది. యోబు నా దగ్గరికొచ్చిండు.

"ఆ గీత ఎండకముందే లస్మవ్వకు చెప్పాలె, దస్తగిరన్నా. కండ్లు తిరుగుతున్నయి, దిగుతనన్నది సారవ్వ. ఇంక పది తట్టలే అక్కా, మాలు ఆగొద్దని నేనే ఆపిన."

పదకొండేండ్లు కడుపుల పెట్టుకున్నడు! ముందు కోపమొచ్చింది, ఎనుకనే ఏడుపొచ్చింది. "నడువు, నేనొస్త," అన్న.

లస్మవ్వ టాంకి కిందనే ఉన్నది. సుక్కలు పడేకాడ రోజూ కూసునేది. యోబు ఆమె కాళ్లు పట్టుకొని అంతా చెప్పిండు.

ముసలామె యోబును భుజాలు పట్టి లేపింది. "నీకంటె ముందు నన్నే అడిగింది బిడ్డా," అన్నది. "మేస్త్రి తిడతడు, జర ఓర్సుకో అన్న."

గీత మూసిన్రు. గోడ ఎండింది. మర్నాడు పొద్దున యోబు తువ్వాల పట్టుకొని ఎక్కుతుంటే, ఎనుక లస్మవ్వ మెట్టుమెట్టుకు ఆగుకుంట ఎక్కింది. నేను పంపు బందువెట్టి చూసిన. పైన ఇద్దరు కలిసి పొడిగోడను తుడుస్తున్నరు.