తేనెపెట్టెకు పూజ చేసిన శుక్రవారం

అమెరికాలో మేముండే కమ్మింగ్‌లో మా ఇంటి వెనక కంచె దాటితే ఒక పెద్దాయనవి ఐదెకరాలు ఉన్నాయి. చుట్టుపక్కల భూమంతా ఇళ్ళయిపోయినా ఆయన మాత్రం అమ్మలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. వేట, తేనెటీగలు, కాస్త మొక్కజొన్న, ఇదే ఆయన బతుకు. పరిచయమైన రోజే, "మీ వంటగది ఉన్నచోట ఒకప్పుడు పెద్ద మగజింకను కొట్టాను" అన్నాడు. నేనేమో పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టలేదు. వారం రోజులు స్టవ్ దగ్గర నిలబడితే ఆ జింకే గుర్తొచ్చేది.

తుంటి ఆపరేషన్ అయ్యాక ఆయన బరువులెత్తలేకపోయాడు. తేనెపెట్టెలన్నీ ఇచ్చేయగా ఒక్కటి మిగిలింది. చలికాలం రాకముందే వేరే రాష్ట్రంలో కూతురి అపార్ట్‌మెంట్‌కి వెళ్ళిపోతున్నాడు. అక్కడ ఈగలకు చోటు లేదు. ఆ ఒక్క పెట్టె నాకు కావాలనిపించింది. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రోజంతా ఇతరుల తప్పులు వెతకడమే పని, ఇంట్లోనూ అదే బుద్ధి అని మావారి ఫిర్యాదు. ఆ పెట్టె దగ్గర నిలబడి ఆ ఝుమ్మనే చప్పుడు వింటుంటే నాకు నోరు మూసుకోవాలనిపించేది. అది మామూలు విషయం కాదు.

అడిగితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "వేసవంతా నిన్ను చూస్తాను. నువ్వు పనికిరావనిపిస్తే పక్క కౌంటీలో ఒకతను అడుగుతున్నాడు, అతనికిచ్చేస్తాను" అన్నాడు.

చెప్పిన మొదటి పాఠం ఒక్కటే. పెట్టె ముట్టుకునే ముందు పది నిమిషాలు ఊరికే కూర్చోవాలి. "వేటలోనూ అంతే. తుపాకీ చివరి సంగతి. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకో, చెట్టుకి ఆనుకో, అడవి నిన్ను మరచిపోయేదాకా కదలకు. దెబ్బతిన్న జింకను దొరికేదాకా వెతికే ఓపిక లేనివాడు అసలు కాల్చనే కూడదు." పాము కనిపిస్తే పార కోసం పరిగెత్తకుండా దారి వదలమని కూడా చెప్పాడు. అన్నిటికీ బుద్ధిగా తలూపాను. కానీ కుక్కర్ మూడో కూత వేసేలోపు నాలుగు పనులు ముగించే మనిషిని, నాకు కూర్చోవడమే చేతకాదు.

మే నెలలో తేనె కోసం పైన రెండో అర పెట్టాం. కొత్తది వచ్చిందంటే మనకు చేయి ఊరుకోదు కదా. శుక్రవారం పొద్దున్నే పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, అరటిపళ్ళు పళ్ళెంలో సర్దాను.

"ఏందే, ఈగలకు గూడ వాహన పూజనా?" అన్నారు మావారు.

"కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిందెవరో? మాట్లాడకుండా పళ్ళెం పట్టుకోండి" అన్నాను.

బాగా ముగ్గిన పండొకటి సగం ఒలిచి, దానికి నాలుగు అగరుబత్తులు గుచ్చి, పెట్టె గుమ్మం ముందే నిలబెట్టాను. పొగకు ఈగలు శాంతిస్తాయని పెద్దాయనే చెప్పాడు కాబట్టి, పూజకు పూజ, పొగకు పొగ అని నా తెలివికి నేనే మురిసిపోయాను. కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. తెరిచేసరికి గుమ్మమంతా ఈగలతో నల్లగా ఉంది. నాకు ఎనిమిది కాట్లు. మావారికి కింది పెదవి మీద ఒకటి. పళ్ళెం ఎక్కడ పడిందో తెలియదు, ఇద్దరం కంచె దాకా ఒకటే పరుగు.

మా గోల విని పెద్దాయన మొహానికి వల ముసుగైనా లేకుండా, చేతికర్రతో మెల్లగా నడుస్తూ వచ్చాడు. ఆ పండు తీసి దూరంగా తుప్పల్లోకి విసిరేశాడు. ఆయన్ని ఒక్కటీ కుట్టలేదు.

"ఈగ కుట్టినప్పుడు ఒక వాసన వదులుతుంది. శత్రువొచ్చాడు, అందరూ రండి అని పిలుపు. అది అచ్చం ముగ్గిన అరటిపండు వాసనే" అన్నాడు.

"అగరుబత్తి అరటిపండుకే గుచ్చుతామండీ మేము. నాకెలా తెలుస్తుంది?" అన్నాను, కళ్ళ నీళ్ళు కారుతున్నా నోరు తగ్గకుండా.

"తెలియకపోవడం తప్పు కాదు. దండం పెట్టుకోవడమూ తప్పు కాదు. ముందు పది నిమిషాలు కూర్చున్నావా?"

"తొమ్మిదికి మీటింగ్ ఉంది."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. పక్క కౌంటీ అతనికేనని అర్థమైంది. నాకు సిగ్గేసింది, భయమూ వేసింది. ఇంకొక్క అవకాశం ఇవ్వమని బతిమాలాను. మావారు వాచిన పెదవితోనే, "ప్లీజ్ సర్, షి విల్ లెర్న్" అన్నారు. ఆ పెదవి చూసి కాబోలు ఆయన కాస్త మెత్తబడ్డాడు.

నెల రోజులు పెట్టె తెరవకూడదు. రోజూ పొద్దున్నే వచ్చి స్టూల్ మీద కూర్చోవాలి, ఏం చూశానో ఆయనకి చెప్పాలి. అదీ శిక్ష.

మొదటి వారం నరకం. ఫోన్ ఇంట్లో పెట్టి వచ్చినా వేళ్ళు ఊరుకునేవి కావు. "ఈగలొస్తున్నాయి, పోతున్నాయి" అని చెబితే, "రేపు కూడా రా" అనేవాడు. రెండో వారానికి కాళ్ళకంటిన పుప్పొడి కొన్నిటికి పసుపు, కొన్నిటికి నారింజ అని కనిపించింది. గుమ్మం దగ్గర కాపలా ఈగలు వచ్చినవాళ్ళని తడిమి చూడటం, ఒక ఈగ చచ్చిన ఈగను ఈడ్చుకుపోయి అంచునుంచి పడేయడం కనిపించాయి. నెల గడిచేసరికి మీటింగ్‌కి ఆలస్యమవుతున్నా లేవబుద్ధయ్యేది కాదు. ఇంట్లో కూడా నేను కొంచెం నెమ్మదించానని మావారు అన్నారు. ఎంతకాలమో చూద్దాం అని కూడా అన్నారు లెండి.

తర్వాత మళ్ళీ పెట్టె తెరవనిచ్చాడు. కానీ ఎప్పుడు తెరిచినా కుర్చీ వేసుకుని కూర్చుని, నా చేతుల మీంచి చూపు తిప్పేవాడు కాదు.

ఆగస్టు చివర్లో ఒక శనివారం. పది నిమిషాలు కూర్చుని, పొగ పట్టి మూత తీశాను. తేనెపట్టు కట్టిన ఒక్కో చట్రం పైకి లేపి రాణి ఈగ పెట్టిన గుడ్లున్నాయా, తేనె చలికాలానికి సరిపోతుందా అని చూస్తున్నాను. ఇంతలో ఒక ఈగ ముసుగులోకి దూరింది. చెంప మీద పాకుతోంది. అరవలేదు, చేయి విసరలేదు. చట్రాన్ని దాని చోట నెమ్మదిగా దింపాను. ఇరవై అడుగులు నడిచి, ముసుగు ఎత్తి, దాన్ని పోనిచ్చాను. మళ్ళీ వచ్చి తర్వాతి చట్రం అందుకున్నాను.

వెనక కుర్చీ కిర్రుమంది. పెద్దాయన లేచాడు. కర్ర పుచ్చుకుని, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కిటికీ దగ్గరైనా కనపడతాడేమోనని చూశాను. లేడు.

పెట్టె తెరిచి ఉండగా ఆయన దాన్ని నాకే వదిలి వెళ్ళడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. ముసుగులో ఉంటే కళ్ళు తుడుచుకోవడం కుదరదు. అలాగే కారనిచ్చి, మిగిలిన మూడు చట్రాలూ చూశాను.