నీళ్లు తాగేముందు వెనక్కి చూసిన ఆమె

ఆదివారం భోజనాలయ్యాక మల్కాపురం నుంచి మా బావమరిది వస్తాడు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. దువ్వాడలోని మా ఫ్లాటులో అతనికి ఇష్టమైనవి రెండు: మా ఇంటి టీ, మా పెద్ద టీవీ. ఈమధ్య ఒక వెబ్ సిరీస్ పట్టుకున్నాడు. కొండమీద ఆశ్రమం, దొంగ గురువు, చుట్టూ తెల్లబట్టల భక్తులు. గురువు తెరమీదికి రాగానే డప్పులు మోగుతాయి, పొగ లేస్తుంది, కాటుక కళ్లు ఉరుముతాయి.

"ఈల్లకి బుర్ర లేదేటి బావా? ఆ కళ్లు సూత్తే సంటిపిల్ల కూడా పారిపోద్ది. సదూకున్నోల్లు ఎల్లి కాళ్లమీద పడతన్నారు!" అని పగలబడి నవ్వాడు.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను వంటింటి వైపు చూశాను. అక్కడ నా చెల్లెలు టీ వడపోస్తోంది.

నా చెల్లెలు అలాంటి చోటే కొన్నేళ్లు ఉంది. బావమరిదికి ఆ సంగతి తెలియదు. దూరపు ఊళ్లో ఏదో బడిలో పాఠాలు చెప్పేదని బంధువులు అనుకున్నారు. అలాగే అనుకోనివ్వమని తనే కోరింది. నలుగురూ తనని తెలివితక్కువదని నవ్వుతారన్న భయంతో, తిరిగొచ్చినప్పటి నుంచి నలుగురు కూర్చున్న చోట కూర్చోవడమే మానేసింది.

తను అక్కడున్నప్పుడు ఒకసారి చూసిరావడానికి వెళ్లాను. పొగా లేదు, డప్పులూ లేవు. ట్యూబులైట్లు, ప్లాస్టిక్ కుర్చీలు. గురువుగారు నన్ను అడిగిన మొదటి మాట, "భోంచేశారా?" ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాసే అలవాటు నాది. ఆ రోజు రాసుకున్నది ఇంతే: "స్థలం శుభ్రం. పప్పు బాగుంది. చెల్లెలు చిక్కిపోయింది."

ఆ తర్వాత చెల్లెలు అమ్మ సంవత్సరీకానికి వెళ్లొస్తానంటే, "మీ అమ్మ ఎక్కడికీ పోలేదు, నాలో చూసుకో" అన్నాడట ఆయన. సంచీ కూడా తీసుకోకుండా బస్సెక్కి వచ్చేసింది. అంత ధైర్యం చేసిన మనిషి, ఇంటికొచ్చాక తలకి నూనె రాసుకోవాలన్నా నన్ను అడిగేది. ఏ చీర కట్టుకోవాలో అడిగేది. దాహమేస్తే గ్లాసు పట్టుకుని నా ముఖం చూసేది. "అన్నగారంటే ఎంత గౌరవమో!" అని వచ్చినవాళ్లు మెచ్చుకునేవారు. కొన్నాళ్లు మాకూ ముచ్చటగానే అనిపించింది. పెద్దన్న మాట జవదాటని ఆడపిల్లని చూసి మన ఇళ్లలో ఎవరు అనుమానపడతారు? ఆ గురువు కూర్చున్న కుర్చీలో ఇప్పుడు నన్ను కూర్చోబెట్టిందని అర్థం కావడానికి కాలం పట్టింది.

నేను పనిచేసిన ఉక్కు కర్మాగారంలో మాకొక పద్ధతి ఉండేది. షిఫ్టు దిగేవాడు "అంతా బాగుంది" అన్నా, ఎక్కేవాడు తలూపి సంతకం పెట్టకూడదు. తనే వెళ్లి మీటర్లు చూసుకుని రావాలి. ఆ పద్ధతే ఇంట్లో పెట్టాను. తను ఏమడిగినా "నువ్వే చూసి చెప్పు" అనేవాణ్ణి. మొదట్లో ఏడ్చేది. పూర్ణా మార్కెట్లో చేపల గంపల ముందు ఏదీ తేల్చుకోలేక నిలబడిపోయేది. చివరికి ఒకరోజు ఒంటరిగా వెళ్లి కానాగంతలు తెచ్చింది. ఆ చేప వాసన నాకు పడదని తెలిసే తెచ్చింది. మారుమాట లేకుండా తిని, ఆ రోజు డైరీలో "కానాగంతలు" అని రాసి కింద గీత గీసుకున్నాను.

ఆ ఆదివారం తను టీలు తెచ్చి అందరికీ ఇచ్చి, వంటింట్లోకి వెళ్లకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మరిదీ, మా గురువుకి అలాంటి కళ్లు లేవు."

"నీకు గురువేటి వదినా?"

"నేనున్నది బడిలో కాదు. అలాంటి చోటే." ఈసారి నా ముఖం చూడలేదు.

బావమరిది టీ గ్లాసు కింద పెట్టాడు. "మరి ఇన్నాళ్లూ సెప్పలేదేటి?"

"నువ్విలా నవ్వుతావనే."

"నా మొకం మండ! నవ్వడం తప్ప నాకేటి తెల్సు?" అని తల గోక్కున్నాడు. "మరయితే ఇందులో నిజమేటి వదినా?" అని అడిగాడు.

తను రిమోట్ తీసుకుని బొమ్మని కాస్త వెనక్కి తిప్పింది. గురువు గర్జిస్తున్నాడు. అతని వెనక, దూరంగా, తెల్లచీర కట్టుకున్న ఒకామె కుండలోంచి నీళ్లు ముంచుకుంది. తాగేముందు ఒకసారి వెనక్కి చూసింది. అప్పుడు తాగింది.

"ఇదిగో, ఇదే నిజం. దీనికి డప్పులుండవు."

ఆ భాగం చివర్లో పోలీసులొచ్చి గురువుని పట్టుకెళ్లారు. కథ అయిపోయింది. తెల్లచీర ఆమె మళ్లీ కనిపించలేదు.

"ఇదేటి, ఆవిణ్ణి మర్సిపోనారు!" అన్నాడు బావమరిది.

"ఆవిడ ఇంటికెళ్లాకే కదా అసలు కథ" అంది చెల్లెలు.

"అయితే అది నువ్వే సెప్పు వదినా. మళ్లీ నవ్వితే ఆ రిమోటు పెట్టి కొట్టు" అని అతను టీవీ కట్టేశాడు.

తను చెప్పడం మొదలుపెట్టింది. తిరిగొచ్చింది వేసవిలో అంది. అది శ్రావణం, నా డైరీలో ఉంది. సరిదిద్దబోయి నోరు మూసుకున్నాను. కథ తనది, చెబుతున్నదీ తనే.