మన్మథరావు యురేనియం బేరం

లోవలక్ష్మి మొగుణ్ణి నలుగురిలో ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. లోపల అనుకున్నవి రాయాలంటే మాత్రం ఈ కాగితాలు చాలవు. ఆమె మొగుడు మన్మథరావుకి నర్సీపట్నంలో బెల్లం కొట్టుంది. ఇంత తెలివితక్కువవాడై ఉండి, ఇంత తెలివైనవాణ్ణనుకునే మనిషి ఈ తాలూకాలో మరొకడు లేడని ఆమె గట్టి నమ్మకం.

డెబ్భై ఏడులో కొయ్యూరు కొండల్లోకి సర్వే జీపొకటి వచ్చింది. అంతే, యురేనియం పడిందని బస్టాండంతా గుప్పుమంది. రిటైరైన సోమయాజులు మాస్టారు కొట్టు ముందు కూర్చుని ఇంగ్లీషు పేపరు చూసి చెప్పారు.

"అరబ్బులు పెట్రోలు ధర పెంచేశారయ్యా. దేశాలన్నీ అణుకరెంటు కేంద్రాలకి ఎగబడుతున్నాయి. దాంతో యురేనియం నాలుగేళ్లలో ఆరు రెట్లయింది. కానీ మన దగ్గర అది సర్కారు సొత్తు. నీలాంటివాడు అమ్మడానికి లేదు."

ఆఖరి మాట వినే చెవి మన్మథరావుకి పుట్టుకతోనే లేదు. సీజన్లో కొని దాచడం, సరుకు దొరకనప్పుడు అమ్మడం, అతనికి తెలిసిన విద్య అదొక్కటే. కొండ మీంచి బళ్ల మీద నల్లరాళ్లు దింపించి, బెల్లం దిమ్మలు తీయించేసి, కొట్టు నిండా పేర్చాడు.

సర్వే ఆఫీసరు ఓసారి అటుగా వస్తే పట్టుకొచ్చి చూపించాడు. ఆయన యురేనియం ఉంటే టిక్కుటిక్కుమనే పెట్టె రాళ్ల మీద పెట్టి చూసి, "ఉత్త నల్లరాయండీ. పునాదుల్లో వేసుకోండి" అని వెళ్లిపోయాడు.

బెల్లం బజారులో ఒక ఆనవాయితీ ఉంది. కొనదలిచినవాడు ముక్క గిల్లి నోట్లో వేసుకుని, "ఇసక తగుల్తంది, రంగు నేదు" అని తీసిపారేస్తాడు. మెచ్చుకున్నవాడు కొనడు. మన్మథరావు చేతులు నలుపుకుంటూ ఇంట్లోకొచ్చాడు.

"సూసావేటే, ఎంత తీసిపారేసాడో! కావాలి గనకే అలా అన్నాడు. రాళ్లు ఇంకా దింపించాల. గొలుగొండ తోట అమ్మీద్దాం."

ఆ జీడితోట కాగితాల్లోనే అతనిది. మొక్క మొక్కకీ కుండతో నీళ్లు మోసి పెంచింది లోవలక్ష్మి.

"తోట జోలికి రాకండి. ఉన్న రాళ్లు సాలవా?"

"మార్కెట్టు గురించి నీకేటి తెలుసే!"

తోట కొనడానికి జీడిపిక్కల వ్యాపారి దేవుళ్లు వచ్చాడు. చెట్టు చెట్టుకీ పెదవి విరిచాడు. "పూత మాడిపోనాది బావూ. పురుగట్టీసింది. ఏదో మొహమాటానికి తీసుకుంటన్నాను."

ఇప్పుడైనా తెలుసుకుంటాడని లోవలక్ష్మి మొగుడి మొహంలోకి చూసింది. ఆ మొహం వేలాడిపోయింది.

"నిజమేరా దేవుళ్లూ. ఎంతో కొంతకి పట్టుకుపో."

రాయి పనికిరాదన్నవాణ్ణి నమ్మలేదు. తోట పనికిరాదన్నవాణ్ణి నమ్మాడు. ఛీ, ఏం బతుకు!

డెబ్భై తొమ్మిదిలో అమెరికాలో ఒక అణుకరెంటు కేంద్రంలో ప్రమాదం జరిగింది. జనం హడలిపోయారు. కొత్త కేంద్రాలు కట్టడం మానుకున్నారు, కొనేవాళ్లు తగ్గారు, ధర జారడం మొదలెట్టింది. మాస్టారు ఆ వార్త చదివి వినిపిస్తే, "పడిన రేటు లేవకపోద్దేటండీ?" అని మన్మథరావు రాళ్ల మీదే కూర్చున్నాడు. బెల్లం రైతులు వేరే కొట్టు చూసుకున్నారు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా, లోవలక్ష్మి దేవుళ్లు షెడ్డులో పిక్కలు ఒలిచే పనికి కుదిరింది. పిక్క తొక్కలోంచి కారే జీడి అంటుకుని ఆమె వేళ్లు నల్లగా మాడి, తోలు ఊడిపోయేది. మొగుడు అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఎనభై మూడులో ఓ సాయంత్రం ఆమె పనినుంచి వస్తుంటే, కొట్టు ముందు మాస్టారితో పాటు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. మన్మథరావు గబుక్కున లేచి ఆమె మణికట్టు పట్టుకుని చేతులు పైకెత్తాడు.

"సూడండి మాస్టారూ! ఉత్త రాళ్లన్నాడు కదా ఆ ఆఫీసరు? ఇంట్లో ఉన్నందుకే మా ఆడదాని సేతులు ఎలగైపోనాయో సూడండి. ఇది యురేనియం పవరు కాకపోతే ఏటండీ?"

లోవలక్ష్మి చెయ్యి విడిపించుకుంది.

"ఆ రాళ్లు నేనింతవరకూ ముట్టనేదు మాస్టారూ. ఇది నా తోట జీడి. దేవుళ్లు కాడ కూలికి ఒలుస్తన్నాను."