అవ్వ చదివించిన జాబితా

నా చిన్నప్పుడు పంట నష్టానికి సర్కారు ఇచ్చే సాయం ఎవరికి వచ్చిందో ఊరికి తెలిసేది కాదు. ఆ జాబితా పెద్దమనుషుల పెట్టెల్లో ఉండేది. మా ఊళ్ళో ఆ పెద్దమనిషి మా తాతయ్యే. ఆయనంటే నాకు చెప్పలేనంత గర్వం.

మాది కొడవలూరుకు తూర్పున, సముద్రం హోరు వినిపించే పల్లె. ఒక ఏడు తుఫానుకి ఉప్పునీళ్ళు ఎక్కి, పొట్టమీదున్న పైరు కుళ్ళిపోయింది. కాలవ పక్కన మా రెండెకరాలు పక్కింటి అక్క కౌలుకు చేసేది. మా వైపు కౌలంటే నోటిమాటే, కాగితం ఉండదు. విత్తనం ఆమెది, ఎరువు ఆమెది, నడుం నొప్పి కూడా ఆమెదే. సాయం వస్తే మళ్ళీ నారు పోసుకుంటుంది, రాకపోతే పిల్లల్ని తీసుకుని ఇటుక బట్టీకి పోవాల్సిందే. "నా పేరుందా పెద్దయ్యా?" అని రెండుసార్లు వచ్చి అడిగింది. "చూద్దాంలేమ్మా" అన్నాడు తాతయ్య.

మా అవ్వకు చదువు రాదు. ఒకరోజు చింతపండు గింజలు తీయడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మా వాకిట్లో చేరారు. అక్క కూడా ఉంది. అవ్వ తాతయ్య పెట్టెలోంచి సాయం జాబితా తెచ్చి నా చేతికిచ్చింది. "అయిదో తరగతికొచ్చినావు గదా, ఏదీ, అందరికీ ఇనపడేట్టు చదువు."

అంతమంది ముందు నా చదువు చూపించుకోవడమంటే మాటలా! బడిలో పద్యం అప్పజెప్పినట్టు రాగం తీశాను. తాతయ్య పేరు రాగానే గొంతు ఇంకాస్త పెంచాను. కాలవ పక్క రెండెకరాలు, వరి, పూర్తిగా నష్టం, రైతు మా తాతయ్య. చివరిదాకా చదివినా అక్క పేరు రాలేదు. గింజలు తీసే చేతులు ఆగిపోయాయి. అక్క ముఖం చూశాక నేనేం చదివానో అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను.

"తాత పేరున్న చోట ఇంకోసారి చదవ్వే, సరిగ్గా ఇనపళ్ళా" అంది అవ్వ. ఆమె చెవులకు వచ్చిన లోటేమీ లేదు. అరుగు మీద తాతయ్య వింటున్నాడు. ఏడుపు గొంతుతో మళ్ళీ చదివాను.

ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. వారం రోజులు అవ్వతో మాట్లాడలేదు. ఆఫీసుకెళ్ళి పైరు అక్కదని చెప్పాడట, పట్టా ఎవరిదైతే వాళ్ళ పేరే రాస్తామన్నారట. డబ్బు వచ్చిన రోజు అదే ఆడవాళ్ళ ముందు మొత్తం అక్క చేతిలో పెట్టి, "మడి నాది, పైరు నీది" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. అక్క ఊరు వదల్లేదు. తాతయ్య మంచివాడా కాదా అని చాలాకాలం తేల్చుకోలేకపోయాను. జాబితా చాటున ఉంటే డబ్బు ఉంచుకునేవాడే, నలుగురూ విన్నాక ఇచ్చాడు. మనలో చాలామంది అంతే.

ఇప్పుడు జాబితాలు గోడకే అంటిస్తున్నారు. చదవలేనివాళ్ళకి గోడైనా పెట్టైనా ఒకటే. అందుకని అంటించిన రోజు కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళి, వచ్చినవాళ్ళందరికీ గట్టిగా చదివి వినిపిస్తాను. ఆ రెండెకరాలు ఇప్పుడు నా పేరున ఉన్నాయి, కౌలుకిచ్చాను. జాబితాలో ఉండేది మాత్రం నా పేరే. అది చదివి, పైరు ఎవరిదో కూడా చెబుతాను. అక్కడికొచ్చేసరికి గొంతు తగ్గించాలని నాకూ అనిపిస్తుంది, అబద్ధమెందుకు. అందుకే అన్నిటికంటే ముందు నా పేరే చదువుతాను.