కరుణమ్మ వెనక్కి తీసుకున్న మాట

మైపాడు దారిలో ఉన్న ఆ చిన్న చర్చిలో ఆదివారం ఆరాధన ఎప్పుడు ముగుస్తుందనేది పాస్టర్ సమాధానం గారి చేతిలో లేదు, కరుణాకుమారి చేతిలో ఉంది. ప్రసంగం అయ్యాక “సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా?” అని ఆయన అడగడమే ఆలస్యం, ఆమె కొంగు సర్దుకుని లేచేస్తుంది. దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పి వందనాలు చెల్లించడం ఆ సంఘంలో అందరూ చేసేదే. మిగతావాళ్ళు రెండు ముక్కల్లో తేల్చేస్తారు. కరుణమ్మ మాత్రం సోమవారం బస్సు దొరికిన దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. రొయ్యల కంపెనీలో రొయ్యలు ఒలిచే పని ఆమెది. వారమంతా మూతికి గుడ్డ కట్టుకుని, ఐసు నీళ్ళలో చేతులు పెట్టుకుని నిలబడే మనిషి ఆదివారమైనా నోరు విప్పకపోతే ఎట్లా?

ఆమె సాక్ష్యాల్లోకెల్లా పెద్దది కూతురు షారన్ గురించి చెప్పింది. మూడు నెలల పసిగుడ్డుకు న్యుమోనియా వచ్చి, నెల్లూరు ఆస్పత్రిలో తొమ్మిది రోజులు చావుబతుకుల్లో ఉంది. లిల్లీ అనే నర్సు ఆ తొమ్మిది రోజులూ సొంత బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంది. పిల్ల బతికింది. ఆ వచ్చిన ఆదివారమే కరుణమ్మ లేచి, “ఈ బిడ్డను దేవుడికిచ్చేసినాను. నర్సు చేస్తాను” అని నిండు సంఘంలో చెప్పేసింది. సంఘమంతా ఆమెన్ అంది. అది మొదలు షారన్ ఆ ఊరికి ‘నర్సమ్మ’ అయిపోయింది. పదో తరగతి పాసయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలన్న చర్చే ఆ ఇంట్లో రాలేదు. బైపీసీ అని పిల్లకన్నా ముందు ఊరికి తెలుసు.

షారన్ ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా పెన్నకు వరద వచ్చింది. ఆమె నాయన ఆండ్రూ రొయ్యల గుంటల దగ్గర కాపలా మనిషి. కట్టలు తెగి చుట్టూ నీళ్ళు కమ్ముకుంటే మోటారు షెడ్డు రేకుల మీదికెక్కి రెండు రోజులు తిండీ నిద్రా లేకుండా కూర్చున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి, తాడు దించి ఆయన్ను పైకి లాగింది. ఇంటికొచ్చాక ఆండ్రూ ఒకటే మాట చెప్పుకున్నాడు. “లాగినాయన నీళ్ళిచ్చి నా భుజం తట్టినాడు. ముందర కూచోని నడిపినాయన మొకమే చూళ్ళేదుమే.”

ఆ ఆదివారం సాక్ష్యం ముప్పావుగంట సాగినా ఎవరూ విసుక్కోలేదు. దారిలో షారన్ మాత్రం తల్లిని నిలదీసింది.

“దేవుడికి వందనాలు చెప్పినావు, బాగుండాది. ఆ గాలిలో కదలకుండా నిలబెట్టి నడిపినాయనకు ఎవరు చెప్పాల?”

“ఆయన పేరు కూడా తెలీదు గదమ్మా!”

“అందుకే. ఆ పని నేను చేస్తానమ్మా. ఇంకెవురి నాయన్నో ఒడ్డున దింపుతాను.”

కరుణమ్మ గుండె గుభేలుమంది. ఆడపిల్ల విమానాలు నడపడమేమిటన్న భయం కాదది. దేవుడికిచ్చిన మాట తప్పితే, ఆయన బతికించి ఇచ్చిన బిడ్డకేమన్నా అవుతుందేమోనన్న భయం. ఆ భయం ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

కాలేజీలో వాకబు చేస్తే అసలు చిక్కు బయటపడింది. పైలట్ కావాలంటే ఇంటర్లో ఫిజిక్సుతో పాటు లెక్కలూ ఉండాలి. షారన్‌కు లెక్కలెక్కడివి? ఇంటర్ కాగానే మిలటరీ అధికారుల కాలేజీ ఎన్‌డీఏలోకి వెళ్ళే దారి మూసుకుపోయినట్టే. తల్లి ఎప్పుడో పదిహేడేళ్ళ కిందట అన్న మాట అడ్డొచ్చి కూర్చుంది.

సంఘం పెద్ద జయకుమార్ ఒక ఉపాయం చెప్పాడు. “మిలటరీలోనూ నర్సులుంటారు గదా! నీట్ రాయనీ. నీ మాటా నిలబడుద్ది, పిల్లకు యూనిఫారమూ వచ్చుద్ది.” కరుణమ్మకు ప్రాణం లేచొచ్చింది. షారన్ “సరేలేమ్మా” అంది. మారాం చేస్తే తిట్టి ఊరుకోవచ్చు. ఈ ‘సరేలే’ని ఏం చేయాలో కరుణమ్మకు తోచలేదు.

వారం తర్వాత పుస్తకాల గూడు దులుపుతుంటే షారన్ బోటనీ రికార్డు చేతికొచ్చింది. ముందు పేజీల్లో ఆకులూ వేర్లూ. వెనక నుంచి తిప్పితే ముప్పై పేజీల దాకా లెక్కలు. ఎవరి పుస్తకమో అడిగి తెచ్చుకుని, అమ్మకు తెలియకుండా చేసుకుంటోంది. కరుణమ్మ ఆ రికార్డు సంచిలో పెట్టుకుని, ఇందుకూరుపేటలో రిటైరైన లెక్కల టీచర్ ఇందిరమ్మ గారింటికి వెళ్ళింది.

“ఇయ్యి రైటేనా టీచరమ్మా?”

ఇందిరమ్మ కళ్ళజోడు పెట్టుకుని పేజీ పేజీ చూసింది. “సగం తప్పులే కరుణా. అయితే చెప్పేవాళ్ళు లేకుండా తప్పులు చెయ్యడానికి కూడా ఇంత దూరం ఎవరూ రారు. ఎవరిది?”

కరుణమ్మ అంతా చెప్పింది. బైపీసీ పాసైన వాళ్ళు లెక్కల పేపర్లు విడిగా రాసుకోవచ్చని, డిగ్రీ అయ్యాక వైమానిక దళం పరీక్ష రాసే దారి ఇంకా ఉందని, పిల్లను తన దగ్గరికి పంపమని ఇందిరమ్మ చెప్పింది. “అయితే మూడు నాలుగేళ్ళు ఓపిక పట్టాల. నువ్వూ పట్టాల.”

దారి ఉందని తెలిశాక ఇక మిగిలింది తన మాటే. కరుణమ్మ అక్కణ్ణుంచి నేరుగా సమాధానం గారి దగ్గరికి పోయి, దాచుకున్న భయం బయటపెట్టింది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

“బిడ్డను దేవుడికిచ్చేసినానంటివి గదమ్మా?”

“అవునయ్యగారూ.”

“ఇచ్చేసినాక ఏం పని చెప్పాల్నో ఆయన చూసుకుంటాడు. మళ్ళా నువ్వు చెప్తుండావేంది?”

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ ఆదివారం కరుణమ్మ తీసుకుంది. గంటల తరబడి మాట్లాడే మనిషి లేచి నిలబడి, నాలుగు ముక్కల్లో తేల్చేసింది. “బిడ్డను ఇచ్చింది నిజమే. నర్సు చేస్తానన్నది నా మాట, దేవుడి మాట కాదు. ఆ ముక్క వెనక్కి తీసుకుంటుండాను. క్షమించండి” అని కూర్చుంది. ఎవరూ ఆమెన్ అనలేదు. జయకుమార్ మొహం తిప్పుకున్నాడు. ఆ పూట చర్చి బయట ఆమెతో మాట్లాడినవాళ్ళు ముగ్గురో నలుగురో. కరుణమ్మ ఇంటికొచ్చి, రికార్డును కూతురి ఒళ్ళో పెట్టి, “సగం తప్పులంట. రేపట్నుంచి టీచరమ్మ దగ్గిరికి పో” అంది. షారన్ రికార్డును గుండెకు హత్తుకుని ఏడ్చేసింది.

తర్వాతి నాలుగేళ్ళు ఇందిరమ్మ వసారాలో, నెల్లూరు డిగ్రీ కాలేజీలో గడిచాయి. షారన్ లెక్కలు పాసైంది, డిగ్రీ అయింది, రాత పరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కింది. పైలట్ పనికి తగునో తగదో తేల్చే పరీక్ష ఒకటుంటుంది, అది జన్మలో ఒక్కసారే. తప్పితే మళ్ళీ రాయనివ్వరు. మైసూరులో అది రాసిన రోజు కరుణమ్మ ఎన్ని రొయ్యలు ఒలిచిందో, ఎన్నిటిని పాడుచేసిందో ఆమెకే తెలియదు. సాయంత్రం ఫోనులో షారన్ “అమ్మా, పాసైనాను” అనేదాకా మంచినీళ్ళు ముట్టలేదు. వైద్య పరీక్షలూ దాటి, చివరికి దుండిగల్ వైమానిక దళ అకాడమీలో శిక్షణకు రమ్మని ఉత్తరం వచ్చింది.

బయల్దేరే ముందు ఆదివారం. సమాధానం గారు ఎప్పటిలాగే అడిగారు. అందరూ కరుణమ్మ వైపు చూశారు. ఆమె కదల్లేదు. షారన్ లేచింది.

“నన్ను బతికించిన దేవుడికి వందనాలు. నన్ను చూసుకున్న లిల్లీ అక్కకు, మా నాయన్ను ఎత్తుకొచ్చిన ఆ మొకం తెలీని ఆయనకు, మా టీచరమ్మకు వందనాలు.” తల్లి వైపు చూసింది. “మా అమ్మకు మాట పోవడమంటే ప్రాణం పోవడమే. అది మీకందరికీ తెలుసు. ఈడనే, మీ అందరి ముందర నిలబడి, నాకోసం పోగొట్టుకునింది. అందుకు...” అని పూర్తి చేయలేక కూర్చుంది.

మొదటి ఆమెన్ జయకుమార్ బెంచీ నుంచే వచ్చింది.

“కరుణమ్మా, నువ్వేమన్నా చెప్తావా?” అని సమాధానం గారు అడిగారు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది. ఆ ఆదివారం ఆ చర్చిలో ఆరాధన చెప్పిన వేళకే ముగిసింది.