శిరివెళ్లలో దిగిన అయ్యవారు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో ఒక అయ్యవారు నా పక్కన కూర్చున్నాడు. ఆళ్లగడ్డ బడిలో అన్ని క్లాసులకూ ఇంగ్లీషు చెప్పే ఉద్యోగానికి పోతున్నాడట. ఎదురు సీట్లో ఆ బడి నడిపే పెద్దాయనే ఉన్నాడు. ఆయన మీసాలకు విడిగా టికెట్టు కొట్టాలి. మా మాటలు విని, అయ్యవారికి ఇంగ్లీషు పేపరు అందించి చదవమన్నాడు.

అయ్యవారు ఒక్కో మాట కింద వేలు పెట్టి నిదానంగా చదివాడు.

"ఏందప్పా, నత్త పాకినట్టు చదువుతాండావు? రైలు మాదిరి పోవాల!"

"నిదానంగా చదివితేనే పిల్లోళ్లకు వస్తాది సామీ."

"పిల్లోళ్లకు రాకుంటే పాయె. ఇనేటోళ్లు అదిరిపోవాల. నీకు ఉద్యోగమూ లేదు, గిద్యోగమూ లేదు. ఈడనే దిగి ఎనక్కి పో!"

నల్లమల పులులు ఉలిక్కిపడేలా బస్సంతా నవ్వింది. అయ్యవారు పేపరును మడత చెడకుండా తిరిగిచ్చి, శిరివెళ్లలో దిగిపోయాడు.

ఆళ్లగడ్డ దాకా పెద్దాయన మడత విప్పకుండా ఆ పేపరుతోనే విసురుకున్నాడు. నాకూ గాలి బాగానే తగిలింది.